కాపీ తీసే ముందు మా గేదెల పాలు కొలవండి: క్లోనింగ్ శాస్త్రవేత్తలకు, పశుసంవర్ధక అధికారులకు బహిరంగ లేఖ

గేదెల క్లోనింగ్ (ఒక పశువుకు అచ్చు నకలు పుట్టించడం) మీద పనిచేస్తున్న శాస్త్రవేత్తలకు, ఆ పనికి డబ్బు మంజూరు చేసే అధికారులకు, మా ఊళ్లకు ఎద సూదులు (దున్న వీర్యంతో చూడి కట్టించే సూదులు) పంపే పశుసంవర్ధక శాఖల వారికి,

నమస్కారం.

మాది కృష్ణా జిల్లాలో కాలువ కింద ఊరు. నాకు ఏడు గేదెలు, అన్నీ గ్రేడెడ్ ముర్రా, అంటే నాటు గేదెలకు ముర్రా జాతి కలిపి మేలు చేసినవి. ఇంటర్ దాకా చదువుకున్నాను. పాల కేంద్రంలో వెన్న శాతం చూసే మిషన్ దగ్గర మూడేళ్లు కూర్చున్నాను కాబట్టి అంకెలంటే భయం లేదు. ఈ ఉత్తరం అందరి ముందూ ఎందుకు రాయాల్సి వచ్చిందో ముందు చెప్తాను.

పోయిన సంక్రాంతికి ముందు మా నాలుగో ఈత గేదె ఎదకొచ్చింది. నా దగ్గరున్నవాటిలో అదే మేలైంది. ఈనిన రెండో నెలలో పూటకు ఆరు లీటర్లకు తగ్గకుండా ఇచ్చేది. వేకువన నాలుగింటికి దాని అరుపు విని లేచి చూస్తే తీగ వేస్తోంది. సరిగ్గా దానికి వారం ముందు ఒక మనిషి బండి వెనక, వీర్యం నిలవ ఉంచే నైట్రోజన్ క్యాన్ కట్టుకుని మా ఊళ్లోకి వచ్చాడు. ‘హర్యానా క్లోనింగ్ దున్న సూది, పుట్టే పెయ్య పాతిక లీటర్లకు తగ్గదు’ అన్నాడు. సెల్‌ఫోన్లో వీడియోలు, పేపర్ కటింగులు చూపించాడు. సూదికి 1,500 రూపాయలు. మా ఆయన వద్దన్నాడు. ఆశ నాది.

ఇరవై ఒక్క రోజులకోసారి చొప్పున మూడుసార్లు వేయించాను. మూడోదాని తర్వాత మళ్లీ ఎద కనబడలేదు, నిలిచిందనుకున్నాం. జూన్‌లో డాక్టరు గారు చెయ్యి పెట్టి చూసి, ‘చూడి కాదమ్మా, ఒట్టిదే’ అన్నారు. ఎండాకాలం గేదెకు మూగ ఎద. ఎప్పుడు వచ్చిందో తెలియదు, ఎప్పుడు పోయిందో తెలియదు. వాడిన స్ట్రాలు, అంటే వీర్యం నింపి వచ్చే సన్నటి గొట్టాలు, నేను చూరులో దాచిపెట్టాను. డాక్టరు గారికి చూపిస్తే వాటి మీద దున్న నంబరు లేదు, తయారైన తేదీ లేదు, ఎక్కడ నింపారో లేదు.

సూదులకు 4,500. పాలు ఆగిపోయాక ఐదు నెలలు ఒట్టి మేత, రోజుకు 180 రూపాయలు వేసుకున్నా 27,000. మొత్తం 31,500. తొమ్మిది నెలలు వెనక్కి పోయిన ఈత సంగతి ఈ లెక్కలో లేదు.

ఒక కార్యాలయంలో అర్జీ ఇచ్చాను. రెండు నెలలాగి మళ్లీ ఇచ్చాను. ‘క్లోనింగ్ మా పరిధిలోది కాదమ్మా’ అన్నారు. మరి ఎవరి పరిధిలోదో చెప్పలేదు. మూడో అర్జీకి రసీదు కూడా ఇవ్వలేదు. అందుకని ఇలా రాస్తున్నాను.

ఆ మనిషి మోసగాడని మీరంటారు. నేనూ అదే అంటాను. కానీ ఆ వీడియోల్లో ఉన్న దూడలు మీవి. ఆ పేపర్ కటింగులు మీ సంస్థల గురించి వచ్చినవి. వాడు చూపించినవాటిలో కొత్తగా కల్పించింది ఏమీ లేదు. మీ వార్తకూ మా కొట్టానికీ మధ్య ఎవరూ లేని చోట వాడు వచ్చి నిలబడ్డాడు.

అప్పటినుంచి, మా అబ్బాయి సాయంతో, మీ పని గురించి చదవడం మొదలుపెట్టాను. చిన్నబుచ్చడానికి రాయడం లేదు, మీరు చేసింది చిన్న పని కాదు. కర్నాల్‌లోని జాతీయ పాడి పరిశోధన సంస్థలో 2009 ఫిబ్రవరి 6న క్లోనింగ్ గేదె దూడ పుట్టింది. వారం తిరక్కుండానే పోయింది. అదే ఏడాది జూన్‌లో గరిమ అనే మరో క్లోనింగ్ పెయ్య పుట్టి, రెండేళ్లు బతికి 2011 ఆగస్టులో చనిపోయింది. 2010లో పుట్టిన రెండో గరిమ నిలబడింది. 2013 జనవరిలో మామూలు సూదితోనే చూడి కట్టి మహిమ అనే పెయ్యను ఈనింది. ఆ వార్త చదివినప్పుడు నాకు నిజంగానే సంతోషమేసింది. గేదె ఏదైనా, ఈనితే సంతోషించని పాడి మనిషి ఉండదు. తర్వాత హిసార్‌లోని కేంద్రీయ గేదెల పరిశోధన సంస్థలో 2015 డిసెంబరులో హిసార్ గౌరవ్ అనే దున్న దూడ. 2020 నాటికి ఎం-29 అనే ఒకే విత్తనపు దున్నకు ఏడు నకళ్లు.

పని ఎలా చేస్తారో కూడా తెలుసుకున్నాను. మేలైన పశువు చెవి నుంచో తోక నుంచో చిటికెడు చర్మం తీసి కణాలు పెంచుతారు. కబేళా నుంచి తెచ్చిన గేదెల అండాశయాల్లోంచి అండాలు తీసి, వాటి కేంద్రకాన్ని సన్నటి బ్లేడుతో చేత్తోనే కోసి పారేస్తారు. ఆ ఖాళీ అండాన్నీ ఈ చర్మం కణాన్నీ కరెంటుతో అతికిస్తారు. వారం రోజులు పెంచిన పిండాన్ని ఇంకో గేదె గర్భంలో పెడతారు. లక్షలు పోసే పెద్ద యంత్రాలు లేకుండా చేతి నేర్పుతో ఇది చేయడం మన వాళ్ల గొప్పతనం. (ఆ కబేళా గేదె ఏ ఊరిదో, ఏ అప్పు తీర్చడానికి అమ్మారో అని మాత్రం నాకు అనిపిస్తూనే ఉంటుంది.)

ఇక అడగాల్సినవి.

1. ఏ గేదెను కాపీ తీయాలో ఎవరు తేల్చారు?

నా మొత్తం గోడు ఇందులోనే ఉంది. క్లోనింగ్‌తో కొత్త గుణం రాదు. ఉన్నదానికి నకలు వస్తుంది, అంతే. అసలు మంచిదైతే నకలు మంచిది. అసలు ఎంత మంచిదో తెలియకపోతే నకలు తీసి ఉపయోగం లేదు.

దున్న పాలివ్వదు. దాని విలువ దాని కూతుళ్ల పొదుగుల్లో తెలియాలి. సూది వేయాలి, పది నెలలు మోయాలి, పెయ్య పుట్టాలి, అది మూడున్నర నాలుగేళ్లకు ఈనాలి, ఆ పాలు ఈత పొడుగునా కొలవాలి. ఇదంతా అయ్యేసరికి దున్న ముసలిదవుతుంది, లేదా పోతుంది. అలా రుజువైన దున్నను పోగొట్టుకోకుండా ఉండటానికే క్లోనింగ్ అని మీరు చెప్పే మాట నాకు అర్థమైంది. ఒప్పుకుంటాను కూడా. నిలవ ఉంచిన వీర్యంలోంచి కణం తీసి దూడను పుట్టించగలిగారంటే అది మామూలు విషయం కాదు.

కానీ ఆ రుజువు కోసం కొలవాల్సిన పాలు ఎక్కడున్నాయి? మా పాకల్లో ఉన్నాయి. 2019 పశుగణన ప్రకారం దేశంలో గేదెలు దాదాపు 10.98 కోట్లు. ఆంధ్రప్రదేశ్‌లో 62 లక్షలు, తెలంగాణలో 42 లక్షలు. నా ఏడు గేదెల చెవులకూ పన్నెండంకెల పసుపు ట్యాగులున్నాయి. ఆ అంకె కొడితే ఏం వస్తుంది? గాలికుంటు టీకా వేసిన తేదీ వస్తుంది. సూది వేసిన తేదీ, అదీ కొన్నింటికే. పాలు ఎన్ని? ఒక్కదానికీ లేదు. ఈ ఊళ్లో పుట్టి పెరిగినదాన్ని, పొరుగూరి కోడలిని కాదు. ఇన్నేళ్లలో ఒక్కరంటే ఒక్కరు కొలత చెంబు పట్టుకుని మా పాకలోకి వచ్చి ఏ గేదె ఎన్ని పాలిస్తోందని అడగలేదు.

పాల కేంద్రంలో లెక్క ఉంది కదా అంటారేమో. అక్కడ క్యాను లెక్క ఉంటుంది. ఏడు గేదెల పాలు ఒకే క్యానులో పోస్తాను. వెన్న శాతం ఏడింటిదీ కలిపి వస్తుంది. ఏ పొదుగు ఎంత ఇచ్చిందో నాకు తెలుసు, నా చేతికి తెలుసు, ఏ కంప్యూటర్‌కూ తెలియదు. అందుకే మా ఊళ్లో అసలు సిసలు గేదె ఉన్నా దాని సంగతి బయటికి రాదు. అది ఒట్టిపోతుంది, బేరగాడు వస్తాడు, లారీ ఎక్కుతుంది. హర్యానా నుంచి లక్ష దాటి పోసి తెచ్చిన గేదెలదీ, పట్నం డెయిరీల్లో, ఇదే దారి. ఈత అయ్యాక మళ్లీ చూడి కట్టించే ఓపికా చోటూ లేక కబేళాకు పంపేస్తారు. ఒక పక్క మేలైన గేదె ఇలా పోతుంటే ఇంకో పక్క మేలైన గేదెకు నకలు తీయడానికి తంటాలు పడుతున్నాం.

2024 అక్టోబరులో గేదెల కోసం మహిష్ చిప్ వచ్చిందని విన్నాం. నెత్తురు బొట్టులో జన్యువులు చూసి దూడగా ఉన్నప్పుడే మంచిచెడ్డలు చెప్తారట. మంచిదే. దానికీ ముందు కొన్ని వేల గేదెల పాల లెక్క కావాలి. ఏ జన్యువు ఉన్నదానికి ఎన్ని పాలు వచ్చాయో సరిచూసుకోకుండా చిప్ మాత్రం ఏం చెప్తుంది?

కాబట్టి మొదటి కోరిక: ఎక్కువ గేదెలున్న ప్రతి మండలంలో కొన్ని ఊళ్లు ఎంచుకుని, నెలకోసారి, రెండు పూటలా, గేదె వారీగా పాలు కొలిచి ట్యాగు నంబరు మీద ఎక్కించండి. ఆ పనికి ఆ ఊరి ఆడవాళ్లనే పెట్టుకుని జీతమివ్వండి. పాలు పితికేదీ, ఎద కనిపెట్టేదీ, పొదుగు వాపు ముందు చూసేదీ వాళ్లే. మీరు మీటింగు పెడితే మాత్రం మగవాళ్లకే కబురొస్తుంది.

2. సూది మీద అసలు దున్న నంబరు వేయండి.

ఒకే దున్నకు ఏడు నకళ్లున్నాయి. ఏడింటికీ వేరు వేరు నంబర్లు ఇస్తే మా దృష్టిలో అవి ఏడు దున్నలు. జన్యువుల లెక్కలో అన్నీ ఒక్కటే. ఒకటో నకలు సూదితో పుట్టిన పెయ్యకు, మూడేళ్ల తర్వాత ‘ఇది వేరే దున్నలే’ అని మూడో నకలు సూది వేయిస్తే ఏమవుతుంది? తండ్రిని కూతురికి కట్టినట్టే. మామూలు దున్నల విషయంలోనే ఈ జాగ్రత్త సరిగా నడవడం లేదు. సూది వేసే అబ్బాయి నంబరు పుస్తకంలో రాస్తే రాస్తాడు, లేకపోతే లేదు. క్లోనింగ్ దున్నలవి ఊళ్లోకి వదిలితే తప్పు ఏడింతలవుతుంది. నష్టం మొదటి ఈతలో కనబడదు. గిడస దూడలు, నిలవని చూళ్లు, తగ్గిన పాలు, ఇవన్నీ పదేళ్లకు బయటపడతాయి. అప్పుడు ఎవరిని అడగాలి?

నకలు నంబరుతో పాటు అసలు దున్న నంబరూ స్ట్రా మీద, పుస్తకంలో, ట్యాగు వివరాల్లో తప్పనిసరి చేయండి. రైతుకు ఇచ్చే చీటీ తెలుగులో, చదవగలిగే సైజులో ఉండాలి. స్ట్రా మీది అక్షరాలు నా కళ్లజోడుతో కూడా కనబడవు.

3. పోయినవాటి లెక్క చెప్పండి.

పుట్టిన దూడ ఫొటో పేపర్లో వస్తుంది. దాని వెనక ఎన్ని పిండాలు ఎన్ని గేదెల్లో పెట్టారు, ఎన్ని నిలిచాయి, ఎన్ని ఈసుకుపోయాయి (నెలలు నిండకుండానే చూడి పోయింది), ఎన్ని దూడలు పుట్టి పోయాయి, మోసిన తల్లి గేదెలు ఎలా ఉన్నాయి? డాలీ అనే గొర్రెను పుట్టించడానికి 277 అండాలతో ప్రయత్నిస్తే నిలిచింది అదొక్కటే. క్లోనింగ్ చూళ్లలో మాయ సరిగా పెరగకపోవడం, దూడ మరీ పెద్దదై ఈత కష్టం కావడం ఉంటాయని శాస్త్రవేత్తలే రాశారు. తప్పు పట్టడం లేదు, కొత్త పనిలో నష్టం ఉంటుంది. కానీ డబ్బు జనానిది కాబట్టి లెక్క కూడా జనానికి తెలియాలి.

ఇది ఊరికే అడగడం లేదు. 2017 డిసెంబరులో ఒక అస్సాం గేదె నకలు దూడ హిసార్ సంస్థ ఆవరణలో కాకుండా హర్యానాలో ఒక ప్రైవేటు డెయిరీలో పుట్టింది. అంటే ఈ పని ప్రయోగశాల గోడ దాటింది. రేపు మా ఊళ్లోకి వచ్చి ‘మీ గేదె గర్భం ఇవ్వండి’ అని అడుగుతారు. పది నెలలు మోసి చివర్లో ఈసుకుపోతే ఆ ఏడాది పాలు ఎవరిస్తారు? గేదె చచ్చిపోతే? ముందే రాతపూర్వకంగా పరిహారం, ఇన్సూరెన్సు లేకుండా ఏ రైతు గేదెలోనూ క్లోనింగ్ పిండం పెట్టకూడదు.

4. నైట్రోజన్ క్యాను.

వీర్యం మైనస్ 196 డిగ్రీల్లో ఉండాలి. క్యాన్లో నైట్రోజన్ తగ్గినా, స్ట్రాను మూతి దగ్గరికి లాగి ఎండలో అరనిమిషం వెతికినా, లోపలున్నది ఏ మహా దున్నదైనా అంతే సంగతి. స్ట్రాను 37 డిగ్రీల నీళ్లలో అరనిమిషం ఉంచాలని పుస్తకం. మా దగ్గర చంకలో పెట్టుకుని, చేత్తో నలిపి వేసినవాళ్లను చూశాను. పది సూదులు వేస్తే మూడో నాలుగో నిలవడం మాకు అలవాటైపోయింది. ‘గేదె అంతేనమ్మా’ అంటారు. గేదె కొంత, మనుషులు కొంత. సెప్టెంబరు నుంచి ఫిబ్రవరి దాకా గేదెలు ఎక్కువగా ఎదకొచ్చే కాలంలో, తెల్లవారుజామున ఫోన్ చేస్తే వచ్చే మనిషి, నిండా నైట్రోజన్ ఉన్న క్యాన్ ఉంటే చాలు. ఆడదూడలే పుట్టేలా వేరు చేసిన వీర్యం సూదులు కూడా ఇప్పుడు వస్తున్నాయి. మాకు అవి కావాలి. మగ దూడలను ఏం చేయాలో తెలియక కళ్లు మూసుకునే ఇళ్లెన్నో. కానీ అవి కూడా ఇదే క్యాన్లో రావాలి కదా.

5. క్లోనింగ్ వీర్యం అమ్మవచ్చా లేదా? ఎవరు అమ్మవచ్చు? ఒక్క పేజీలో తెలుగులో రాసి ప్రతి పశువుల ఆసుపత్రి గోడకూ అంటించండి. అనుమతి ఉన్న కేంద్రాల పేర్లు, సూది ధర, ఫిర్యాదుకు ఒక నంబరు. ఈ కాగితం ముందే ఉంటే నా 31,500 మిగిలేవి. నంబరు లేని స్ట్రాలు అమ్మేవాళ్ల మీద కేసు పెట్టే బాధ్యత ఎవరిదో కూడా అందులోనే రాయండి. ‘మా పరిధి కాదు’ అనే మాట మళ్లీ వినే ఓపిక లేదు.

6. పాల సంగతి.

క్లోనింగ్ అంటే తాగేవాళ్లకు భయం. అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2008లో ఆవులు, పందులు, మేకల క్లోన్ల పాలు, మాంసం మామూలువాటి లాంటివేనని చెప్పింది. అందులో గేదె పేరు లేదు. 2015లో యూరప్ పార్లమెంటు క్లోనింగ్ పశువులు వద్దని ఓటు వేసింది. నా మట్టుకు నాకు ఆ పాల మీద అనుమానం లేదు. కానీ రేపు ఎవరో వాట్సాప్‌లో ‘క్లోనింగ్ పాలు’ అని ఒక వీడియో వదిలితే లీటరుకు పది రూపాయలు నష్టపోయేది నేను. మన గేదెల మీద మీరు చేసిన పరీక్షలు ఏం చెప్తున్నాయో ముందుగానే బయటపెట్టండి.

క్లోనింగ్ ఆపేయమని నేను అడగడం లేదు. నా గేదెకు నకలు తీస్తామంటే ముందు వరసలో నిలబడతాను. అయితే అది నకలు తీయదగ్గ గేదె అని మీరు ఎలా తేల్చుకుంటారు? నా మాట మీద నమ్మకూడదు. బేరగాడి మాట మీద అసలు నమ్మకూడదు.

ఆ గేదె దసరా వెళ్లాక ఎదకొచ్చింది. ఆసుపత్రి సూదే వేయించాం. డాక్టరు గారు మొన్న చూసి మూడో నెల అన్నారు. వచ్చే శ్రావణం, భాద్రపదం మధ్య ఈనాలి. ఈనిన రోజు నుంచి పూట పూటా దాని పాలు నేనే కొలిచి, మా అబ్బాయి పాత నోటు పుస్తకంలో ట్యాగు నంబరు వేసి రాస్తాను. మిగతా ఆరింటికీ పేజీల్లో గళ్లు గీసి పెట్టాను. మా వీధిలో ఇంకో నలుగురు ఆడవాళ్లు రాస్తామన్నారు. ఆ పుస్తకం తీసుకోవడానికి మీలో ఎవరు వస్తారో చెప్పండి.

జవాబు తెలుగులో ఇవ్వండి. మా పాల కేంద్రం గోడకు అంటిస్తాం.

ఇట్లు,
ఏడు గేదెల పాడి రైతు,
కృష్ణా జిల్లా